మొక్కింది ఆయన, గాజులు నావి

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. ఇద్దరం పుట్టుకతోనే క్రైస్తవులం. మా ఆయన ఇళ్లకు వైరింగ్ పనులు చేస్తారు, నేను మిషన్ కుడతాను. పోయిన నెల కొత్త మందిరం కోసం ప్రత్యేక కూడిక పెట్టారు. త్యాగం చేసి ఇచ్చేవాళ్లు లేచి నిలబడమన్నప్పుడు మా ఆయన లేచి రెండు లక్షలు ఇస్తానన్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. మాకున్నదల్లా నా పేరున కట్టిన చీటీ డబ్బు 1,20,000. అమ్మాయి ఇంజినీరింగ్‌కు, అత్తయ్య కంటి శుక్లం ఆపరేషన్‌కు దాచింది. అది ఇచ్చేసి, మిగతా 80,000కు మా అమ్మ పెట్టిన గాజులు తాకట్టు పెడదామంటున్నారు. వద్దన్నాను. 'నీకు విశ్వాసం లేదు' అని మూడు వారాలుగా మాట్లాడటం లేదు. ఎనిమిదేళ్ల కింద ఆయన తాగుడు మానింది ఆ సంఘంలోనే, అది నేనూ మర్చిపోలేదు. గొడవ చూసి అమ్మాయి 'నేను డిగ్రీలో చేరతాలే అమ్మా' అంటోంది. సంఘంలో ఒకావిడ, దేవుడికి ఇవ్వనిది ఆసుపత్రికి పోతుందంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసే మనిషిని నేను. ఇప్పుడు దేవుడికే అడ్డుపడుతున్నానా?

జవాబు: లేదమ్మా, అడ్డుపడటం లేదు. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు. నేను పాస్టర్ని కాను, కౌన్సెలర్ని. కానీ మీ ఇంట్లో గొడవ బైబిల్ వాక్యం చుట్టూనే తిరుగుతోంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

దావీదు రాజు కథ మీకు తెలిసే ఉంటుంది. జనాన్ని చంపుతున్న తెగులు ఆగడానికి బలిపీఠం కట్టాలి. అరౌనా అనే ఆయన కళ్లం కావాల్సొచ్చింది. దినవృత్తాంతాల గ్రంథంలో ఈయన పేరే ఒర్నాను అని ఉంటుంది. రాజు అడిగితే కాదనేదెవరు? కళ్లం తీసుకో, ఎడ్లు తీసుకో, కట్టెలకు నూర్చే సామాను తీసుకో, అన్నీ ఊరికే ఇస్తానన్నాడు అరౌనా. దావీదు ఒప్పుకోలేదు. నీ సొత్తు తీసుకుని దేవుడికి ఇవ్వను, నాకు ఖర్చు కానిది బలిగా అర్పించను అని వెల కట్టి కొన్నాడు. సమూయేలు రెండో గ్రంథం చివరి అధ్యాయం ఒకసారి తీసి చదవండి. త్యాగం గురించి నేను చదివినవాటిలో ఇంత సూటిగా చెప్పింది మరొకటి లేదు. ఎవడి త్యాగానికి వాడి చెయ్యే కాలాలి. మీ ఆయన నిలబడ్డ కూడికలో మాటిచ్చింది ఆయన. దానికి మీ గాజులు, పిల్ల చదువు, ముసలావిడ చూపు పోతున్నాయి. ఆయన సొంతంగా వదులుకున్నది ఏమిటో ఈ లెక్కలో నాకింకా కనపడలేదు.

చట్టం మాట కూడా ఒక ముక్క చెప్పి వదిలేస్తాను. ఇద్దరూ క్రైస్తవులుగానే పెళ్లాడారు కాబట్టి, 1925 నాటి భారత వారసత్వ చట్టం 20వ సెక్షన్ ప్రకారం పెళ్లయినంత మాత్రాన భార్య ఆస్తి మీద భర్తకు హక్కు రాదు. అమ్మ మీకు పెట్టిన గాజులు మీవే. ఈ సంగతి మీరు తెలుసుకుంటే చాలు, ఆయన ముఖాన కొట్టకండి. కొడితే మూడు వారాల మౌనం మూడు నెలలవుతుంది.

ఇక మీ ఆయన వైపు కాసేపు నిలబడదాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఆ తాగుడు మాటే. ఎనిమిదేళ్ల కింద ఆ సంఘం ఆయన్ని కాపాడింది. తాగుడు మానిన మనిషి మనసులో ఒక అప్పు ఉండిపోతుంది. ఎవరూ అడగరు, అయినా ఎప్పటికైనా తీర్చాలని ఉంటుంది. మందిరం కడుతున్నారనగానే ఆ అప్పు లేచి నిలబడింది. అందులో గొప్ప కోసం ఇస్తున్నాననే భావం కొంచెం ఉందేమో, పదిమందిలో లేచి నిలబడమంటే ఎవరికైనా అది కలుగుతుంది. కానీ అసలు విషయం కృతజ్ఞత. దాన్ని 'పిచ్చి', 'మూఢత్వం' అని అనకండి. అలా అంటే ఆయనకు వినపడేది ఇంకొకటి: 'నువ్వు బాగుపడింది పెద్ద విషయమేం కాదు' అని.

మాట ఇచ్చాక తప్పితే పాపం అని ఆయన అంటారు, ప్రసంగి గ్రంథం చూపిస్తారు. మొక్కి చెల్లించకపోవడం కన్నా మొక్కకపోవడమే మేలు అని అక్కడ ఉన్న మాట నిజమే. అయితే లేవీయకాండం 27వ అధ్యాయం మొక్కుబళ్ల గురించే ఉంది. ఎనిమిదో వచనంలో, మొక్కుకున్నవాడు అంత ఇచ్చుకోలేని పేదవాడైతే యాజకుడి దగ్గరికి వెళ్లాలి, వాడి శక్తికి తగ్గట్టు యాజకుడు వెల నిర్ణయించాలి అని ఉంది. అంటే మొక్కినవాడు తలెత్తుకుని వెళ్లి 'ఇంత నా వల్ల కాదు' అని చెప్పుకునే దారి ధర్మశాస్త్రంలోనే పెట్టారు. అది తప్పించుకోవడమైతే దానికి ఒక వచనం కేటాయించేవారు కారు. మీరిద్దరూ పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్లాల్సింది ఈ దారినే.

మాసిదోనియ సంఘాల సంగతీ ఎత్తుతారు. నిరుపేదలై ఉండి శక్తికి మించి ఇచ్చారని పౌలు మెచ్చుకున్నది రెండో కొరింథీ 8లో ఉంది, నేను దాచను. కానీ అదే చోట వాళ్లు తమంతట తామే ఇచ్చారని ఉంది. కొంచెం కిందికొస్తే, కలిగినదాన్ని బట్టి ఇస్తేనే ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదని, ఇతరులకు తేలిక చేసి మీకు ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదని పౌలే రాశాడు. అత్తయ్య ఆపరేషన్ సంగతైతే ఇంకా సూటిగా ఉంది. తల్లిదండ్రులకు చెందాల్సింది 'కొర్బాను', దేవుడికి అర్పితం అని చెప్పి వాళ్లకు లేకుండా చేసేవాళ్లను యేసు మార్కు 7లో గట్టిగానే మందలించాడు. అత్తయ్య మీ ఆయన కన్నతల్లి. ఈ ఒక్క వాక్యం మాత్రం నిదానంగా, ఎత్తిపొడుపు లేకుండా ఆయన ముందు పెట్టండి.

ఆసుపత్రికి పోతుందన్న ఆవిడ మాట తీసి పక్కన పడేయండి. అది భయపెట్టి వసూలు చేసే మాట. కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలి కథ అందరూ చెబుతారు. దానికి ముందు వచనాల్లోనే విధవరాండ్ర ఇళ్లు దిగమింగేవాళ్లను యేసు తప్పుపట్టాడని మాత్రం ఎవరూ ఆగి చెప్పరు. ఆమెను లేచి నిలబడమని కూడా ఎవరూ అనలేదు. మీ ఒంగోలు చరిత్రే చూడండి. 1876–78 కరువులో అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. తిండి కోసం చేరతారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలే ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ పెద్దవాళ్లు భయంతో వచ్చినవాళ్లు కారమ్మా.

పిడికెడు బియ్యం గురించి మీరు ఏదో చిన్న సంగతిలా ఉత్తరం చివర్లో రాశారు. మిజోరంలో ఆడవాళ్లు 1910 ప్రాంతంలో మొదలుపెట్టిన ఇదే పిడికెడు బియ్యంతో అక్కడి సంఘం తన పనులెన్నో నడుపుకుంటోంది. మా అమ్మమ్మ వంటింట్లోనూ ఒక రేకు డబ్బా ఉండేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు కూడా అందులో చెయ్యి పెట్టనిచ్చేది కాదు, మాకు కోపం వచ్చేది. తన అన్నంలోంచి తీసింది కాబట్టి ఆమెను అనడానికి మాకు నోరు రాలేదు. విశ్వాసం లేదన్న మాట మీకు ఎక్కడ అతుకుతుందో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆదివారం ఆరాధన అయ్యాక మాట్లాడకండి, ఆ పూట మనసులు వేడిగా ఉంటాయి. మధ్యలో ఒక రోజు, భోజనాలయ్యాక, అమ్మాయి లేనప్పుడు ఒక కాగితం పెట్టుకుని కూర్చోండి. ఆదాయం, ఖర్చు, ఫీజు, ఆపరేషన్ రాయండి. 80,000 తాకట్టుకు నూటికి రూపాయిన్నర వడ్డీ అయితే నెలకు 1,200 కట్టాలి, ఏడాదికి 14,400. దాన్నీ రాయండి. వాదించకండి, ఆయన్నే చదవమనండి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: 'మన ఇద్దరిలో నీది మాత్రమే అయినది ఏం ఇవ్వగలవు?'

ఆయన చేతిలో ఏముందో నాకు ఇక్కడి నుంచే కనపడుతోంది. మందిరం కడుతున్నారు, ఆయన వైరింగ్ మేస్త్రి. పైపులు గోడల్లో వేయడం దగ్గర నుంచి బోర్డులు, ఫ్యాన్లు, మైకు కనెక్షన్ దాకా కూలి లేకుండా చేసి ఇస్తానంటే అది ఎంత డబ్బో మీకంటే ఆయనకే బాగా తెలుసు. రోజంతా పని చేసి వచ్చి సాయంత్రాలు, సెలవు రోజులు అక్కడ నిచ్చెన ఎక్కాలి. నడుము నొప్పి పుడుతుంది. బయటి పనులు కొన్ని వదులుకోవాల్సి వస్తుంది. దావీదు చెప్పిన ఖర్చు అదే. దానితో పాటు ఇంటికి ఇబ్బంది లేని మొత్తం ఒకటి, 500 కానీ 1,000 కానీ, ఇద్దరూ అనుకుని నెలనెలా వేయండి. రసీదు తీసుకోండి. రసీదు అడగడం అపనమ్మకం కాదు, మంచి సంఘాలు అడక్కుండానే ఇస్తాయి.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి అయ్యగారిని ఇంటికి పిలవండి. మాట మాత్రం ఆయన నోటి నుంచే రావాలి, మీరు పక్కన కూర్చోండి, చాలు. 'ఆవేశంలో శక్తికి మించి అన్నాను, ఇదీ నేను ఇవ్వగలిగింది' అని చెబితే ఆయన గౌరవం తగ్గదు. ఎనిమిదేళ్ల కింద ఇంతకంటే కష్టమైన మాట ఆయన ఆ అయ్యగారి ముందే చెప్పుకున్నారు కదా. అయ్యగారు మంచి కాపరి అయితే ఊపిరి పీల్చుకుంటారు. కాకపోతే, అందరి ముందూ పేరు చదివి ఒత్తిడి చేస్తే, సంఘ పెద్దల్లో మీరు నమ్మే ఒకరిని కూర్చోబెట్టండి. ఏం జరిగినా చీటీ డబ్బు మీ ఖాతాలోంచి కదలనివ్వకండి. ఆయన అరిచినా మీరు అరవకండి. చెయ్యి చేసుకునే దాకా వస్తే మాత్రం అది కానుక విషయం కాదు, వెంటనే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి పుట్టింటివాళ్లకు చెప్పండి.

ఇవన్నీ ఈ నెలలో చేయండి. అమ్మాయి సంగతి మాత్రం ఆగదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల అమ్మానాన్నల గొడవ ఆపడానికి తన చదువు తీసి బల్ల మీద పెట్టింది. దాన్ని ఎవరూ తీసుకోకూడదు, మంచి పిల్ల అని మెచ్చుకోవడానికైనా తీసుకోకూడదు. ఇవాళ రాత్రి పడుకునేముందు ఆమె దగ్గరికెళ్లి, ఫీజు డబ్బు అలాగే ఉందని, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు సర్టిఫికెట్లు సర్దుకోమని చెప్పండి.