ఇంటికొక్క ఫోను, ఫోనులో పరీక్ష

ఆన్‌లైన్ క్విజ్‌ల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. నాలుగూ గోదావరి డెల్టా నుంచి వచ్చినవే. పేర్లు వేయవద్దని రాసినవారు కోరినందువల్ల ప్రాంతం మాత్రమే పేర్కొన్నాము.

ప్రశ్న: రాజోలు వైపు ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతికి వారానికొకసారి 20 బిట్లతో ఆన్‌లైన్ క్విజ్ పెడదామని ఉంది. చాలామంది పిల్లల ఇళ్లలో ఒక్కటే ఫోను. అది కూడా తండ్రితో పాటు రొయ్యల చెరువు గట్టు మీదికి వెళ్లిపోతుంది. ఏ సాధనంతో మొదలుపెట్టమంటారు, మాస్టారూ?

సమాధానం: అమ్మా, ముందు తేల్చుకోవలసింది ఆ ఫోను సంగతే, సాధనం సంగతి తరువాత చూసుకోవచ్చు. సాయంత్రం ఆరు గంటలకు అందరూ ఒకేసారి రాయాలని నిర్ణయించారంటే, ఆ వేళకు తండ్రి మేత చల్లడానికి వెళ్లిన ఇంటి పిల్లవాడికి సున్నా వస్తుంది, ఆ సున్నాకు వాడి చదువుతో ఏ సంబంధమూ ఉండదు. కాబట్టి శుక్రవారం సాయంత్రం తెరిచి ఆదివారం రాత్రి మూసేయండి. తుఫాను హెచ్చరిక ఉన్న వారం, వరద వచ్చి లంక గ్రామాలకు రాకపోకలు ఆగిన వారం క్విజ్ జోలికి పోకండి. అందరూ ఒకేసారి ఆడే కహూట్ వంటి పోటీల్లో జవాబు ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు వస్తాయి కనుక, సిగ్నల్ సరిగా అందని ఊరి పిల్లలు తెలిసి కూడా వెనకబడతారు. వాటిని తరగతి గదిలో, ప్రొజెక్టరు ఉన్నప్పుడు, సరదాకు ఉంచుకోండి.

మీ అవసరానికి గూగుల్ ఫారమ్స్ సరిపోతుంది. కొత్త ఫారం తెరిచి, సెట్టింగ్స్‌లో ‘మేక్ దిస్ ఎ క్విజ్’ అన్నదాన్ని ఆన్ చేస్తే ప్రతి ప్రశ్నకూ కీ, మార్కులు పెట్టుకోవచ్చు. తప్పు రాసినవారికి కనబడేటట్టు రెండు ముక్కల వివరణ కూడా జోడించవచ్చు. ఒక్కొక్కరు ఒక్కసారే రాసే ఏర్పాటు కూడా అందులో ఉంది గాని, మీరు దాన్ని వాడకండి. అది గూగుల్ ఖాతాను బట్టి పని చేస్తుంది కనుక, తండ్రి ఫోనులో అక్క రాసి పంపగానే అదే ఖాతాతో తమ్ముడికి ఫారం తెరుచుకోదు. దాని బదులు మొదటి ప్రశ్నగా రోల్ నంబరు అడగండి. టైపు చేయనివ్వకుండా, వరుసలోంచి ఎంచుకునే పద్ధతిలో పెట్టండి. నేను మొదటిసారి పేరు రాయమని అడిగి చిక్కుకుపోయాను. ఆ తరగతిలో నలుగురు దుర్గలు, ముగ్గురు సత్తిబాబులు ఉన్నారు. పైగా ఒకడు ‘నాని’ అని ఇంట్లో పిలిచే పేరుతో రాశాడు. ఎవరి మార్కులు ఎవరివో తేల్చడానికి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పోయింది. ఒకే రోల్ నంబరుతో రెండు జవాబు పత్రాలు వస్తే, వేళను బట్టి మొదట వచ్చినదే లెక్కలోకి తీసుకుంటానని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

ఇవన్నీ అరగంటలో నేర్చుకోగల పనులు. కష్టమంతా బిట్ తయారు చేయడంలో ఉంది, సరిగ్గా అక్కడే మనం తొందరపడతాము. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఏ సంవత్సరంలో పూర్తయింది అని అడిగి, 1852 పక్కన 1526, 1947, 2014 పెట్టామనుకోండి, పాఠం తెరవని పిల్లవాడు కూడా సరైనదే పట్టేస్తాడు. అదే ప్రశ్నకు 1847, 1855, 1982 పెట్టి చూడండి. 1847 అన్న పిల్ల కాటన్ దొర పని మొదలుపెట్టిన ఏడాదినే పూర్తయిన ఏడాదిగా పొరబడింది. 1855 అన్న పిల్లవాడు బెజవాడ దగ్గరి కృష్ణా ఆనకట్టను దీనితో కలిపేశాడు. 1982 అన్నవారి మనసులో పాత ఆనకట్ట స్థానంలో కట్టిన నేటి బ్యారేజీ ఉంది. ముగ్గురూ తప్పే రాశారు, అయినా ముగ్గురికీ సోమవారం ఉదయం చెప్పవలసిన మాట ఒక్కటి కాదు. వశిష్ఠ గోదావరి ఎక్కడ సముద్రంలో కలుస్తుంది అన్న ప్రశ్నకు అంతర్వేది పక్కన ఓడలరేవు పెట్టడం కూడా ఇటువంటిదే, ఎందుకంటే అక్కడ కలిసేది వైనతేయ. మీ పిల్లల్లో సగం మంది ఆ రెండు చోట్లకూ వెళ్లి ఉంటారు, అయినా తడబడతారు చూడండి. ఇటువంటి తప్పు ఆప్షన్లను ఊహించి రాయడం కంటే, పాత జవాబు పత్రాల్లో పిల్లలు నిజంగా చేసిన పొరపాట్లలోంచి ఏరుకోవడం సులువు.

గడువు ముగిశాక ‘రెస్పాన్సెస్’ విభాగంలోని సారాంశం చూస్తే, ఎక్కువమంది తప్పిన ప్రశ్నలు విడిగా కనబడతాయి. ఒక ప్రశ్నకు తరగతిలో ముప్పాతిక మంది ఒకే తప్పు ఆప్షన్ ఎంచుకున్నారంటే, పిల్లలను తిట్టే ముందు కీ సరిగా పెట్టారో లేదో ఒకసారి చూసుకోండి. నా అనుభవంలో సగం సార్లు తప్పు కీలోనే దొరికింది. కీ సరిగానే ఉంటే ఆ పాఠం మళ్లీ చెప్పాలి. ఇక 20 బిట్లు వారానికి ఎక్కువ, 10 చాలు.

ప్రశ్న: భీమవరం ప్రాంతంలో డిగ్రీ కళాశాల అధ్యాపకుడిని, కామర్స్ బోధిస్తాను. గత నెల పెట్టిన క్విజ్‌లో మొదట రాసిన ముగ్గురికి తప్ప అందరికీ 20కి 20 వచ్చాయి. కీ వాట్సాప్ గ్రూపులో తిరిగిందని తరువాత తెలిసింది. నెగెటివ్ మార్కులు పెడితే ఇది ఆగుతుందా? మా కళాశాలలో మూడిల్ (పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది గాని వాడేవారు లేరు.

సమాధానం: ఆగదు. నెగెటివ్ మార్కులు ఊహించి గీసేవారిని ఆపుతాయి, చూసి రాసేవారిని కాదు. నాలుగు ఆప్షన్ల బిట్లు 20 ఉంటే, కళ్లు మూసుకుని గీసినవాడికి సగటున 5 మార్కులు వస్తాయి; తప్పుకు మూడో వంతు మార్కు కోస్తే, తప్పిన 15కు 5 పోయి లెక్క సున్నాకు వస్తుంది. నీట్‌లో ఒప్పుకు 4, తప్పుకు ఒకటి కోత కాబట్టి అక్కడ గుడ్డిగా గీసినా సగటున కొంచెం లాభమే, మన విద్యార్థులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. వారం వారం పెట్టే అభ్యాస క్విజ్‌లో కోత పెడితే బెరుకు ఉన్న విద్యార్థి తెలిసిన ప్రశ్న కూడా వదిలేస్తాడు; అందువల్ల నేనైతే పెట్టను.

మీ దగ్గర జరిగినది ఇలా ఉండి ఉంటుంది. రాసి పంపిన మరుక్షణమే మార్కులూ సరైన జవాబులూ కనబడేటట్టు అమరిక ఉంది. మొదట రాసినవాడు ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి పంపాడు. గూగుల్ ఫారమ్స్‌లోనైతే మార్కులు వెంటనే కాక, మీరు పరిశీలించిన తరువాత విడుదలయ్యేటట్టు మార్చుకోవాలి, మూడిల్‌లోనైతే ‘రివ్యూ ఆప్షన్స్’లో సరైన జవాబును క్విజ్ మూసిన తరువాతి వరుసలో మాత్రమే టిక్కు చేయాలి. ఈ ఒక్క మార్పుతోనే రోగం చాలావరకు కుదురుతుంది. ప్రశ్నల వరుస, ఆప్షన్ల వరుస తారుమారు చేయడం కూడా మంచిదే గాని, ‘మూడోదానికి బి’ అని పంపుకునేవారిని అడ్డుకోవడం వరకే దాని ప్రయోజనం.

మూడిల్ ఉండి వాడకపోవడం, పెరట్లో కొబ్బరి చెట్టు ఉండి కాయ బజారులో కొన్నట్టుంది. 2002 నుంచి ఉచితంగా అందుబాటులో ఉన్న ఆ సాధనం బలమంతా ప్రశ్నల నిధిలోనే ఉంది. అధ్యాయానికొక విభాగం చేసి, ఒక్కొక్కదానిలో 30 ప్రశ్నలు చేర్చి, ప్రతి విద్యార్థికీ విభాగానికి ఐదు చొప్పున యాదృచ్ఛికంగా తీసి ఇమ్మంటే, పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకే పేపరు పడే అవకాశం దాదాపుగా ఉండదు. మీ సబ్జెక్టుకు మరీ అనువైనది ‘కాలిక్యులేటెడ్’ రకం ప్రశ్న. అందులో అంకె స్థానంలో ఒక గుర్తు పెట్టి, దాని హద్దులు చెబితే, ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకె కనబడుతుంది. ఉదాహరణకు, ‘ఒక రైతు నూటికి రెండు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చి ఆరు నెలల్లో తీర్చాడు; వడ్డీ ఎంత?’ అన్న లెక్కలో అసలు ఒకరికి 10,000, మరొకరికి 14,000 అవుతుంది. స్నేహితుడి జవాబు 1,200 తెచ్చుకుని రాసినవాడికి మార్కు రాదు. స్నేహితుడిని అడిగి పద్ధతి నేర్చుకుని సొంతంగా చేసినవాడికి వస్తుంది, ఆ విధంగా అడగడం మంచిదే. ఈ లెక్కకు 100 అని జవాబిచ్చేవారు కూడా ఉంటారు. నూటికి రెండు అంటే నెలకు అని, ఏడాదికి 24 శాతమని వారి ఇళ్లలో పెద్దలకు తెలిసినా, పుస్తకంలో కనబడిన రెండును వారు ఏడాది వడ్డీగానే తీసుకుంటారు.

సమయ పరిమితి పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మూడిల్‌లో విద్యార్థి మొదలుపెట్టిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది, కరెంటు పోయినా, సిగ్నల్ పోయినా అది ఆగదు. అటువంటివారికి ‘యూజర్ ఓవర్‌రైడ్’ ద్వారా ఆ ఒక్కరికే అదనపు సమయమో మరో అవకాశమో ఇవ్వవచ్చు. ఎన్ని చేసినా ఇంటి నుంచి రాసే క్విజ్‌లో కాపీని పూర్తిగా ఆపలేము. గూగుల్ ఫారమ్స్‌లో తెరను బిగించే ఏర్పాటు ఉంది గాని, అది సంస్థ అధీనంలో ఉన్న క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లకే పరిమితం, విద్యార్థి సొంత ఫోనుకు వర్తించదు. కాబట్టి ఈ మార్కులకు ఇంటర్నల్స్‌లో పెద్ద వాటా ఇవ్వకండి. రెండు మూడు ప్రయత్నాలకు అవకాశమిచ్చి, వాటిలో ఎక్కువ వచ్చినదాన్ని ఉంచి, అసలు పరీక్ష కాగితం మీద, మీ ఎదుట పెట్టండి.

ప్రశ్న: పాలకొల్లు దగ్గర తెలుగు పండితుడిని. ఖాళీలు పూరించుము అని ఇస్తే, పిల్లలు సరిగా రాసినా యంత్రం తప్పు వేస్తోంది. నా పాత ప్రశ్నపత్రాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఫారంలో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి.

సమాధానం: పండితులవారూ, యంత్రానికి సంధి తెలియదు. మీరు కీలో ‘సవర్ణదీర్ఘ సంధి’ అని పెట్టారు. ఒక అమ్మాయి ‘సవర్ణదీర్ఘసంధి’ అని కలిపి రాసింది, మరొకడు ‘సవర్ణ దీర్ఘ సంధి’ అని మూడు ముక్కలు చేశాడు. మన కంటికి మూడూ ఒకటే గాని, అక్షరం అక్షరం పోల్చి చూసే ఫారానికి మూడూ వేరు. ఇంతకంటే చిక్కు తెచ్చేది కంటికి కనబడదు: కొన్ని కీబోర్డులు పొల్లు తరువాత తెర మీద కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి, అప్పుడు కీలోని ‘కాటన్’, పిల్లవాడి ‘కాటన్’ అచ్చం ఒకలాగే ఉండి కూడా కలవవు. అందువల్ల కీలో ఒకే ప్రశ్నకు అంగీకరించదగిన రూపాలన్నీ చేర్చండి. మొదటి పది జవాబు పత్రాలు వచ్చాక తప్పు పడినవాటిని ఒకసారి కంటితో చూసి, మీరు ఊహించని రూపాలను కూడా కలపండి. అలాగని అన్నీ ఒప్పుకోవలసిన పని లేదు. ‘అర్థం’ అని రాయవలసిన చోట ‘అర్ధం’ అని రాస్తే అది సగమవుతుంది. తెలుగు తరగతిలో దానికి మార్కు ఇవ్వకపోవడమే న్యాయం.

వ్యాకరణానికి, ఛందస్సుకు జతపరచుము మేలు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం ఒక వైపు, గణాల వరుసలు మరో వైపు ఇస్తే టైపు చేసే బాధ ఉండదు. నాలుగింటికి నాలుగే వరుసలు ఇస్తే మూడు తెలిసినవాడికి నాలుగోది ఊరికే వస్తుంది. కాబట్టి భరనభభరవ, నజభజజజర, మసజసతతగ, సభరనమయవ లతో పాటు, గణాలను కొంచెం మార్చిన మరో రెండు వరుసలు చేర్చి ఆరు చేయండి.

అను ఫాంట్ల సంగతి వేరు. అవి తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టుకుని పని చేస్తాయి. ఆ ఫాంటు లేని చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే బయటపడతాయి. యూనికోడ్‌లో అలా కాక తెలుగుకు సొంత స్థానాలే ఉన్నాయి కనుక ఏ ఫోనులోనైనా చదవవచ్చు. పాత పత్రాలను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మీ ఊరి డీటీపీ సెంటరులో అడిగినా మార్చి ఇస్తారు. మార్చిన తరువాత వత్తులు మాత్రం ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. ‘క్ష’, ‘త్స్య’ వంటి చోట్ల ఒత్తు జారిపోవడం మామూలే.

ప్రశ్న: అమలాపురం నుంచి ఒక తల్లిని. మా అమ్మాయి ఏడో తరగతి. బడివాళ్ల క్విజ్ ఫారంలో ఫోను నంబరు, ఆధార్ నంబరు, ఫొటో అడుగుతున్నారు. ఆ తరువాత మార్కులు పేర్లతో సహా గ్రూపులో పెడుతున్నారు. కాదంటే బాగుంటుందా?

సమాధానం: తప్పకుండా అడగండమ్మా. పది బిట్లు దిద్దడానికి రోల్ నంబరు చాలు. ఆధార్‌తో, ఫొటోతో ఆ పనికి ఏ అవసరమూ లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా లెక్కించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతిని ముడిపెట్టింది. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులు ఉన్నా, అవసరం లేనిది అడగడానికి అవి సాకు కావు. చట్టం పేరెత్తి గొడవ పడే ముందు, ప్రధానోపాధ్యాయులను కలిసి నెమ్మదిగా చెప్పి చూడండి. చాలా చోట్ల ఎక్కడి నుంచో తెచ్చుకున్న పాత ఫారాన్ని అలాగే వాడేస్తుంటారు, అడిగితే ఆ గడులు తీసేస్తారు. మార్కులు ఎవరివి వారికే చెప్పమని కూడా కోరండి. గూగుల్ ఖాతాను సొంతంగా నడుపుకోవడానికి మన దేశంలో 13 ఏళ్లు నిండి ఉండాలి. మీ అమ్మాయికి ఇంకా నిండకపోతే, పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరవకుండా, మీ ఖాతాతో మీ పక్కనే కూర్చోబెట్టి రాయించండి.