బయట గోడ మీద పగిలిన జంక్షన్ బాక్సుకి సిలికాన్ పూస్తే సరిపోతుందా?

ప్రహరీ గోడ మీద వైర్లు కలిపే బాక్సు మూత పగిలింది, వానొస్తే గేటు లైట్లు ఆరిపోతున్నాయి, సిలికాన్ (సందులు మూసే జిగురు) పూసి సరిపెట్టొచ్చా, కొత్తది నేనే మార్చుకోవచ్చా అని అడిగారు. సిలికాన్ పూయకండి. మా ఇంట్లో ఆ పనే చేసి ఏడాది అగచాట్లు పడ్డాం. ముందు ఇవాళే ఆ లైను ఎంసీబీ (బోర్డులో ఆ లైనుకి కరెంటు ఆపే స్విచ్చు) దించేసి, తర్వాత తీరిగ్గా చదవండి.

మాది నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట దగ్గర. మైపాడు సముద్రం ఎంతో దూరం లేదు, ఉప్పుగాలికి ఇనప బాక్సులు ఇట్టే తుప్పు పట్టిపోతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలప్పుడు గేటు తీయబోయిన మా అమ్మ చెయ్యి ఠక్కున వెనక్కి లాక్కుంది. "గేటు పట్టుకుంటే జిల్లుమంటా ఉందిరా" అంది. చలికి అయ్యుంటుందిలే అనుకుని టెస్టర్ పెట్టి చూస్తే వెలిగింది. గేటు స్తంభం మీది బాక్సులో నీళ్ళు చేరి, తడి గోడ గుండా ఇనప గేటుకి కరెంటు పాకింది. ఆ గేటు పట్టుకుని ఊగే పిల్లలు గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్ జాయింట్లకు టేపు చుట్టి, మూత చుట్టూ సిలికాన్ పూసి వెళ్ళాడు. మరుసటి వానాకాలం మళ్ళీ అదే కథ. ఈసారి నేనే దగ్గర కూర్చుని మూత పీకించాను. లోపల వేలెడు లోతు నీళ్ళు, అందులో చచ్చిన చీమలు. టేపు జిగురుజిగురుగా కారిపోయి ఉంది, రాగి తీగంతా పచ్చగా చిలుం పట్టింది. నీళ్ళు మూత సందుల్లోంచి రాలేదు. మిద్దె మీదనుంచి వైర్లు దిగే పీవీసీ పైపు నోరు పైన తెరిచి ఉంది. వాన నీళ్ళు దాంట్లో పడి నేరుగా బాక్సులోకి దిగుతున్నాయి. సిలికాన్ పూశాక వాటికి బయటికి పోయే దారి కూడా లేకుండా పోయింది. మీరు కూడా బాక్సు కొనే ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి. అది తేలకుండా ఎంత ఖరీదైన బాక్సు పెట్టినా దండగే.

ఇంకొక సంగతి. మెయిన్ దించాను కదా అని నేను చెయ్యి పెట్టబోయాను. ఎలక్ట్రీషియన్ ఆపి టెస్టర్ పెడితే ఒక వైరు ఇంకా వెలుగుతోంది. గేటు లైటు ఇన్వర్టర్ లైను మీద ఉందని నాకు తట్టనే లేదు. మెయిన్ దించితే ఇన్వర్టర్ తనంతట తాను కరెంటు ఇస్తుంది. కాబట్టి ముందు టెస్టర్‌ని కరెంటున్న ప్లగ్గులో పెట్టి పనిచేస్తోందో లేదో చూసుకోండి. తర్వాత మెయిన్ దించి, ఇన్వర్టర్ కూడా ఆపి, ఆపైన బాక్సులో నల్ల వైరుతో సహా ప్రతి వైరుకీ పెట్టి చూడండి. తడి గోడ దగ్గర, తడి నేల మీద నిలబడి మాత్రం ఈ పని వద్దు. రెండు రోజులు ఎండ కాయనివ్వండి.

మేం ఐపీ65 అని రాసి ఉన్న ప్లాస్టిక్ బాక్సు తెచ్చాం. దుమ్ము చొరబడదని 6, నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుందని 5. మూత కింద రబ్బరు పట్టీ ఉండాలి. వైర్లు విప్పే ముందు ఫోన్లో ఫొటో తీసుకున్నాం. చిలుం పట్టిన తీగని మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించి, మెలిపెట్టి టేపు చుట్టకుండా కనెక్టర్లలో బిగించాం. బాక్సుకి పై వైపు ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. అన్ని వైర్లూ కింది నుంచే, గ్లాండ్లు (వైరు చుట్టూ సందు లేకుండా పట్టే బిరడాలు) బిగించి లోపలికి తీసుకున్నాం. పైనుంచి వచ్చే వైరుని బాక్సు కంటే కిందికి దించి, వంపు తిప్పి పైకి ఎక్కించాం. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మిద్దె మీది పైపు నోటికి వంపు ముక్క వేసి కిందికి తిప్పాం. ఎర్తు వైరు పాత బాక్సులో ఊరికే వేలాడుతుంటే దాన్నీ కలిపించాను. ఆ రోజే మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను దానంతటదే ఆపేసే స్విచ్చు) పెట్టించాను. లీకయ్యే కరెంటు ఆ మోతాదుకి చేరితే అది లైను పడేస్తుంది. దాని మీది టెస్టు బటన్ నెలకోసారి నొక్కుతున్నాను.

ఇక మీరే మార్చుకోవచ్చా అంటే, ఏ వైరు ఎక్కడికి పోతోందో కచ్చితంగా తెలియకపోతే వద్దు. లైసెన్సున్న మనిషిని పిలిచి, పక్కనే నిలబడి చేయించుకోండి. కరెంటు స్తంభం నుంచి మీటరుకి వచ్చే సర్వీసు వైరు ఆ బాక్సు గుండా పోతుంటే అసలు ముట్టుకోవద్దు, మీ మెయిన్ దించినా దాంట్లో కరెంటు ఆగదు. కరెంటు ఆఫీసు నంబరు 1912కి ఫోన్ చేయండి, వాళ్ళే వచ్చి చూస్తారు.

ఒకవేళ మీ గేటు కూడా ఇనపదే అయితే, పని అయ్యేదాకా పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి.