మూత తీసేముందు

బుజ్జీ,

అంబాజీపేటలో కొబ్బరి చిప్పలను మూసిన డ్రమ్ములో గాలి తగలకుండా కాల్చే బట్టీ పెడుతున్నావని, బొగ్గుతో పాటు ఆ పొగను చల్లార్చి ఫినాళ్లు అనే రసాయనాలు, అసిటిక్ ఆమ్లం కూడా తీస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కాసేపు మురిసిపోయాను. ఆ తర్వాత తెల్లవార్లూ నిద్ర లేదు.

కొత్త పరిశ్రమ అనుకోకు. పెట్రోలియం రసాయనాలు రాకముందు మిథనాల్, అసిటోన్ కట్టెల పొగలోంచే తీసేవారు. మన పక్కనే కర్ణాటకలో, భద్రావతి ఇనుప కర్మాగారంలో 1920లలోనే ఆ పని జరిగింది.

చిప్పల్లో తేమ 10 శాతం దాటనివ్వకు. ఆవిరి గొట్టం పొట్టిగా, తారు పడితే విప్పి గీకేలా ఉండాలి. పొగ చల్లారి దిగే నీళ్లు నిమ్మరసమంత పులుపు, మామూలు ఇనుమును తినేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలే వాడు.

పొగ చల్లారిస్తే బరువులో 70 శాతం నూనె వస్తుందని చదివావట. అది కట్టె పొడిని 500 డిగ్రీల దగ్గర క్షణంలో వేడెక్కించి, ఆవిరిని రెండు సెకన్లలోపే చల్లార్చే యంత్రాల లెక్క తల్లీ! డ్రమ్ములో గంటల తరబడి మగ్గే చిప్పలకు వర్తించదు. నీకు దక్కేది చిప్పల బరువులో దాదాపు మూడో వంతు బొగ్గు. అదే నీ అన్నం. చిప్పకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ కనుక ఫినాళ్లు వస్తాయి కానీ, రకరకాలవి తారులో కలగలిసి వస్తాయి. విడదీయడానికే డబ్బంతా పోతుంది.

ఇక నా సంగతి. నేనూ ఇలాంటి బట్టీ నడిపిన రోజులవి. పెళ్ళిచూపులకు నాలుగు రోజుల ముందు, తెల్లవారుజామున, బొగ్గు కోసం లారీ వచ్చి నిలబడింది. డ్రమ్ము మీద చెయ్యి వేశాను, చల్లగా తగిలింది. మూత బిగింపులు విప్పాను. బొగ్గు వేడిని అంత సులువుగా బయటికి పంపదు. పైన చల్లబడినా నడుమ నిప్పులాగే ఉంది. గాలి తగలగానే లోపల మిగిలిన వాయువు భగ్గుమంది. వెనక్కి పడ్డాను కాబట్టి కళ్లు దక్కాయి. కనుబొమ్మలు పోయాయి. మీ అమ్మ మాట్లాడకుండా వెన్న రాసింది, నాలుగో నాడు కాటుకతో కనుబొమ్మలు దిద్దింది. చెమటకు అవి కారాయి. మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

డ్రమ్ము నడుమ థర్మోకపుల్, అంటే లోపలి వేడి కొలిచే తీగ, పెట్టు. నడుమ చల్లబడిందని అది చెప్పేదాకా, వాకిట్లో ఎన్ని లారీలు హారన్ కొట్టినా మూత ముట్టుకోకు. షెడ్డుకు గోడలు కట్టకు. బట్టీలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, తల తిరిగేసరికే ఆలస్యమవుతుంది. రాత్రి ఒంటరిగా ఉండకు. వింటున్నావా?

మొదటి బట్టీ రోజు చెప్పు. కుర్చీ వేసుకుని మూత దగ్గర నేను కూర్చుంటాను.

మామయ్య