ఆధ్యాత్మిక గుర్తింపు అనవచ్చా?

సందేహం: “నామజపం మొదలుపెట్టాక నా ఆధ్యాత్మిక గుర్తింపు దొరికింది, జీవిత ఉద్దేశం తెలిసింది” అని ఒక వ్యాసంలో రాశాను. ఇది తెలుగు కాదని మా మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? చాంటింగ్‌ను జపం అనాలా, భజన అనాలా? – ఒక పాఠకుడు

సమాధానం: మీ మిత్రుడి మాటను కొట్టిపారేయలేను. గుర్తింపు ఎదుటివాళ్లు ఇచ్చేది. సంఘానికి గుర్తింపు, కళాకారుడికి గుర్తింపు, జేబులో గుర్తింపు కార్డు. జపం చేసుకునేవాడికి అది ఎవరిస్తారండీ? మన పెద్దలు ‘తన్ను తాను ఎరగడం’ అన్నారు, ‘జన్మ సార్థకం కావడం’ అన్నారు. ఇంత నుడికారం ఇంట్లో పెట్టుకుని ‘జీవిత ఉద్దేశం’ దాకా పోవడమెందుకు? ఉద్దేశం మనం అనుకునేది, జన్మకు కావలసింది ప్రయోజనం.

ఆ ప్రయోజనం సంగతి పోతన చెప్పినట్టు చెప్పినవాళ్లు లేరు. ఆయన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రితో అంటాడు:

కమలాక్షు నర్చించు కరములు కరములు
శ్రీనాథు వర్ణించు జిహ్వ జిహ్వ

లాటానుప్రాసకు ఉదాహరణ అని బట్టీ పట్టించి వదిలేస్తున్నారు, అదీ మన చదువు! మొదటి జిహ్వ నోట్లో ఆడే నాలుక. రెండోది నాలుక అనిపించుకోదగ్గ నాలుక. అక్షరం మారలేదు, తాత్పర్యం మారింది. మీరు వెతికే గుర్తింపు, ఉద్దేశం రెండూ ఆ రెండో మాటలోనే ఉన్నాయి. చూపులు, శిరస్సు, చెవులు, మనసు, పాదాలు, బుద్ధి అయ్యాక, సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో దినం, చదువు, గురువు వస్తాయి. ఆఖరున ‘తండ్రి హరిఁ జేరు మనియెడి తండ్రి తండ్రి’. హరి పేరెత్తితే మండిపడే తండ్రి మొహం మీదే ఆ మాట! పద్యమంతా ఈ ఒక్క పాదం కోసమే కట్టాడేమోనని నా అనుమానం. ఆ వెంటనే ఇంకో సీసంలో ‘వైకుంఠుఁ బొగడని వక్త్రంబు వక్త్రమే? ఢమఢమ ధ్వనితోడి ఢక్క గాక’ అన్నాడు. ఎంత మోగినా స్తుతి లేకపోతే అది నోరే కాదట.

ఇక జపం. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం ‘జప’ ధాతువుకు స్పష్టంగా పలకడం, మనసులో అనుకోవడం అని రెండర్థాలూ ఇచ్చింది. మనువు లెక్కలో జపయజ్ఞం విధియజ్ఞం (శాస్త్రం విధించినట్టు చేసే యజ్ఞం) కంటే పదింతలు, పెదవులు మాత్రం కదిలే ఉపాంశువు నూరింతలు, మానసం వెయ్యింతలు. మైకు పెట్టేవాళ్లు కాస్త చూసుకోవాలి.

కాబట్టి ఒక్కరే చేసుకుంటే జపం, తాళం వేస్తూ నలుగురు కలిస్తే భజన అనండి. ‘భజన’కు ఇప్పుడు పైవాళ్లను పొగడడం అనే అర్థం కూడా అంటుకుంది, సందర్భం చూసి వాడాలి. మాటల్లో చాంటింగ్ అంటే నేను తగువుకు రాను. ‘ఆధ్యాత్మిక గుర్తింపు’ పత్రికల్లో ఎటూ పాతుకుపోతోంది, రేపు నిఘంటువు కూడా ఒప్పుకుంటుందేమో. ఇవాళ నా చేత మాత్రం ఒప్పించకండి.