ఒక జత తీగ మీద ఎనిమిది మాటలు

ప్రశ్న: సార్, నేను వరంగల్‌లో ఈసీఈ డిప్లొమా చదువుతున్నాను. టెలిఫోన్‌లో మల్టీప్లెక్సింగ్ (ఒకే జత తీగ మీద ఒకేసారి పలు సంభాషణలు పంపడం) తెచ్చింది అమెరికా ఆర్మీ జనరల్ అని మా లెక్చరర్ చెప్పారు. ఫౌజులో ఉంటూ అంత పరిశోధన ఎట్లా చేశారు?
– ఒక విద్యార్థిని, హుజూరాబాద్

జవాబు: ఆయన జార్జ్ ఓవెన్ స్క్వైర్, బిడ్డా. 1865లో మిషిగన్‌లోని డ్రైడెన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. 1887లో వెస్ట్ పాయింట్ అనే ఆర్మీ అకాడమీలో చదువు ముగిసింది. బాల్టిమోర్‌లో పోస్టింగ్ పడితే, ఉద్యోగం వదలకుండానే అక్కడి జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో చేరి 1893లో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత ఆర్మీలో సమాచార విభాగమైన సిగ్నల్ కోర్‌కు వెళ్లారు. అక్కడ కబురు త్వరగా, భద్రంగా చేర్చడమే ఉద్యోగం. కాబట్టి ఆయనకు పరిశోధన వేరు, డ్యూటీ వేరు కాదు. 1908లో ఆర్విల్ రైట్ పక్కన కూర్చుని విమానం ఎక్కింది కూడా ఆర్మీ పరీక్షల్లో భాగంగానే.

అప్పట్లో ఒక జత తీగ మీద ఒక్క సంభాషణే పోయేది. 1910లో, మేజర్‌గా ఉన్నప్పుడు, ఆయన వాషింగ్టన్‌లో రెండు ల్యాబుల మధ్య ఉన్న లైను మీద రేడియోలో వాడే హై ఫ్రీక్వెన్సీ తరంగాన్ని పంపి, రెండో సంభాషణను దాని మీద ఎక్కించారు. అవతలి వైపు ట్యూన్ చేసి విడదీశారు. మొదటి మాటకు ఏ అడ్డూ రాలేదు.

ఇట్లా మాటను మోసే తరంగాన్నే కారియర్ అంటారు. నేను టెలికాం శాఖలో పనిచేసిందంతా ఈ కారియర్ మీదే. వరంగల్–కరీంనగర్ దారిలో స్తంభాల మీది ఒక జత రాగి తీగ ఎనిమిది ట్రంకు కాల్స్ మోసేది. దొంగలు ఆ తీగ కోసుకుపోయిన రాత్రి ఎనిమిదీ ఒక్కసారే ఆగేవి. లైన్‌మన్ తెగిన చోటు పట్టేదాకా కారియర్ రూమ్‌లో అందరికీ టెన్షనే. అంత పని ఒక్క జతతో జరిగేది!

నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది స్క్వైర్ ఈ పద్ధతి మీది తన పేటెంట్లను ప్రజలకే వదిలేయడం. తర్వాత టెలిఫోన్ కంపెనీ ఏటీఅండ్‌టీ వాటితో వ్యాపారం చేస్తే కేసు వేసి ఓడిపోయారు. ప్రజలకు ఇచ్చింది కంపెనీకీ చెందుతుందని చట్టం అనవచ్చు. ఆయన బాధ మాత్రం న్యాయమైనదే అంటాను.

1917లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగిన ఏడాదే చీఫ్ సిగ్నల్ ఆఫీసర్, అంటే సిగ్నల్ కోర్‌కు అధిపతి, అయ్యారు, 1923 దాకా ఉన్నారు. తీగల మీద ఇళ్లకు, దుకాణాలకు సంగీతం పంపే మ్యూజాక్ కంపెనీకి మూలం కూడా ఆయన ఆలోచనే. 1934లో పోయారు.

ఒక తీగ మీది మాటలను వేరు చేసే ఫిల్టర్ల దగ్గర నీకు అనుమానం వస్తే మళ్లీ రాయి. మా పాత ఎనిమిది చానెళ్ల బొమ్మ గీసి చూపిస్తాను.