గాలిమర తిరుగుతోంది, దీపం వెలగడం లేదు

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలతో గాలిమర చేయించాం. బొమ్మ కారు మోటారుకు మూడు పీవీసీ రెక్కలు బిగించాం. టేబుల్ ఫ్యాన్ ముందు రివ్వున తిరుగుతోంది గానీ ఎల్‌ఈడీ వెలగడం లేదు. లోపం రెక్కలదా, మోటారుదా?
– సైన్స్ టీచర్, రాజోలు

జవాబు: మోటారుదే. పిల్లల రెక్కల్ని తప్పుపట్టకండి. కొస నుంచి కొసకు 56 సెం.మీ. ఉన్న గాలిమర, సెకనుకు 3 మీటర్ల గాలిలో, అన్నీ కుదిరితే నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. బొమ్మ మోటారేమో 3 వోల్టులిస్తే వేల చుట్లు తిరిగే రకం. దాన్నే జనరేటరుగా వాడితే 300 చుట్లకు వోల్టులో పదో వంతు వస్తే గొప్ప. ఎర్ర ఎల్‌ఈడీకైనా 1.8 వోల్టులు కావాలి.

పాడైన ప్రింటరులో స్టెప్పర్ మోటారు (అంచెలంచెలుగా తిరిగే రకం) ఉంటుంది. కంప్యూటర్ రిపేరు షాపులో అడిగి చూడండి. నెమ్మదిగా తిప్పినా కొన్ని వోల్టులిస్తుంది. నాలుగు తీగలుంటే లోపల రెండు కాయిల్స్ ఉన్నట్టు. ఏ రెండు తీగల కొసలు కలిపితే ఇరుసు తిప్పడం బరువవుతుందో, ఆ రెండూ ఒకే కాయిల్‌వి. ఈ పరీక్ష పిల్లల చేతనే చేయించండి. కరెంటు లాగితే ఇరుసు మొరాయిస్తుందన్న సంగతి బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కదు, వేలికి ఇట్టే తెలుస్తుంది.

వచ్చేది ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు. రెండు ఎల్‌ఈడీలను ఒకదానికొకటి తిరగేసి కలిపి, వరసలో 100 ఓంల రెసిస్టరు పెట్టండి. ఒకటి ఆగినప్పుడు రెండోది వెలుగుతుంది, ఏసీని డీసీగా మార్చే వేరే డయోడ్ల పని ఉండదు.

రెక్కలకు 4 అంగుళాల పైపు 25 సెం.మీ. ముక్క కోసి, నిలువునా నాలుగు చీలికలు చేయండి; మూడు చాలు. ఇరుసు వైపు 6, కొసన 3 సెం.మీ. వెడల్పు. గాలిని కోసే అంచు గుండ్రంగా, వెనకంచు పలుచగా ఉప్పుకాగితంతో రుద్దాలి. తిరిగే తలానికి 20 డిగ్రీల వాలుతో మొదలుపెట్టి, 15, 10కి తగ్గిస్తూ చూడండి. 45 పెడితే వెంటనే కదులుతుంది గానీ వేగం అందుకోదు. మరీ తగ్గిస్తే స్టెప్పర్ అయస్కాంతాల పట్టు దాటి కదలనే కదలదు. చేత్తో తిప్పి వదిలినప్పుడు ఎప్పుడూ ఒకే రెక్క కిందికొచ్చి ఆగుతోందా? అది బరువెక్కువ. మిగతా రెండింటి కొసలకు టేపు అంటించి సరిచేయండి.

ఏ గాలిమర మేలో తేల్చడానికి, ఏమీ కలపని వట్టి తీగలకు మీటరు పెట్టి చూసిన వోల్టులతో పోటీ పెట్టకండి. ఒక కాయిల్‌కు 100 ఓంలు కలిపి, ఏసీ రేంజిలో కొలవండి. 2 వోల్టులుంటే 2×2÷100, అంటే 40 మిల్లీవాట్లు. ఒకసారికి ఒకే మార్పు: వాలు మారిస్తే రెక్కల సంఖ్య ముట్టుకోవద్దు.

ప్రశ్న: తరగతిలో బాగా తిరిగిన గాలిమర స్కూలు పెరట్లో కదలడం లేదు. గాలి తగులుతూనే ఉంది.
– పదో తరగతి విద్యార్థిని, మలికిపురం

జవాబు: చుట్టూ కొబ్బరితోట ఉంటే మీకు తగిలేది చీలిపోయిన గాలి. కర్రకు మీటరు రిబ్బను కట్టి చూడమ్మా. ఒకే వైపు నిటారుగా సాగితే మంచి చోటు. నాలుగు దిక్కులకూ కొట్టుకుంటుంటే కాదు. 15 మీటర్ల చెట్లుంటే కనీసం 150 మీటర్లు ఎడం కావాలి. కోతలైన వరిచేను, గోదావరి గట్టు, అంతర్వేది తీరం నయం. మధ్యాహ్నం సముద్రపు గాలి ఊపందుకున్నాక పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లండి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి 8 రెట్లవుతుంది, అందుకే చోటు మీద ఇంత పట్టుదల. పై జవాబులోని 56 సెం.మీ. గాలిమర వలయం గుండా సెకనుకు 3 మీటర్ల గాలి వెళ్తే అందులో ఉండేది సుమారు 4 వాట్లు. 6 మీటర్లకు 32. ఎంత గొప్ప రెక్కలైనా అందులో 59.3 శాతానికి మించి తీసుకోలేవని 1919లో జర్మనీ శాస్త్రవేత్త బెట్జ్ లెక్కగట్టాడు. బడిలో చేసినది పదో వంతు పట్టినా సంతోషించండి. తీరానికి తీసుకెళ్తే, ఇంటికొచ్చాక తీగల కొసలూ స్క్రూలూ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది.