అడగని లోన్‌కి సిబిల్‌లో ఎంక్వైరీ పడితే

అప్లై చేయని పర్సనల్ లోన్‌కి మీ సిబిల్ రిపోర్ట్‌లో (మీ అప్పుల చరిత్ర చూపే రిపోర్ట్) ఎంక్వైరీ పడితే, అంటే ఏదో లోన్ సంస్థ మీ రిపోర్ట్ తెప్పించుకుని చూసినట్టు నమోదైతే, దాన్ని అలా వదిలేయకండి. ముందు ఆ లోన్ సంస్థ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టి, మీరు ఎప్పుడు, ఎలా ఒప్పుకున్నారో రుజువు చూపించమనండి. ఏదో లోన్ యాప్‌లో ఆఫర్లు చూసేటప్పుడు పెట్టిన టిక్కే చాలాసార్లు బయటపడుతుంది. అదే అయితే ఆ అనుమతిని వెనక్కి తీసుకోండి. రుజువు చూపించలేకపోతే సిబిల్ సైట్‌లో డిస్ప్యూట్ (ఆ ఎంట్రీపై అభ్యంతరం) వేయండి, డబ్బులేం కట్టక్కర్లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదులు పరిష్కరించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. సిబిల్ లాంటివే అయిన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ సంస్థల రిపోర్టులు కూడా చూడండి. మన రిపోర్ట్ మనం చూసుకుంటే స్కోర్ తగ్గదు, ఆ టెన్షన్ వద్దు. మీ పాన్‌తో ఎవరో లోనే తీసేసుకున్నట్టు తేలితే మాత్రం వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.